వేలు తీయని పిల్ల

మొన్న బియ్యం డ్రమ్ము జరిపితే గోడ వారగా ఒక అట్టముక్క దొరికింది. సబ్బుపెట్టె అట్ట. జానెడు పొడవుంటుంది. మధ్యలో బ్లేడుతో సన్నగా కోసిన కిటికీ. ఆ కిటికీ ఎత్తు సరిగ్గా ఒక అచ్చు లైను ఎత్తు. ఒక మూల ఎలుక కొరికేసింది. పొయ్యిలో పడెయ్యబోయి ఆగాను.

అది ఒక పిల్లది. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. ఆ పేరున్న కాగితం మీద ఒకసారి సంతకం పెట్టాను. అది చాలు.

అరకు దగ్గర కొండ ఆడపిల్లలకి కంప్యూటరు నేర్పే శిక్షణ కేంద్రం ఉంది. పది నెలల చదువు, తిండీ పడకా అక్కడే. నేను అక్కడ వంటమనిషిని. ఆ పిల్ల రెండేళ్ల కిందట ముంచింగిపుట్టు అవతల నుంచి వచ్చింది. ఒడిశా గట్టు ఆనుకున్న ఊరు. ఇంట్లో మాట్లాడేది ఒకటి, బళ్లో చదివింది తెలుగు, కంప్యూటరులో వచ్చేది ఇంగ్లీషు. పొట్టి పిల్ల. నడిస్తే దారి అంచున నడిచేది. భోజనాల బంతిలో అందరికంటే ఆఖర్న లేచేది. బియ్యంలో రాళ్లు ఏరమంటే ప్రతి గింజనీ చూసేది. ఆమెకి బియ్యం ఇస్తే అన్నం ఆలస్యమవుతుందని మళ్లీ ఇవ్వడం మానేశాను.

పదకొండింటికి టీ పట్టుకుని నేను పాఠం గదిలోకి వెళ్లేదాన్ని. పాఠం చెప్పే సారు చిన్నవాడు, చురుకైనవాడు. ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ప్రోగ్రాం అని వాళ్లు పిలిచేదాన్ని కాగితం మీద అచ్చు తీసి అందరికీ పంచేవాడు. కంప్యూటరు తాకకూడదు. కళ్లతో చదివి, అది ఏం చేస్తుందో చెప్పాలి. తప్పుంటే ఎక్కడుందో చూపించాలి.

గ్లాసులు అందిస్తూ నేను ఆ పిల్లల కళ్లు చూసేదాన్ని. ఒకతె మొదటి లైను చూసి నేరుగా ఆఖరి లైనుకి దూకేది. ఒకతె నడిమధ్య తెలిసిన మాట దొరికిందంటే దాన్ని పట్టుకుని మిగతాది ఊహించేసేది. "నిన్నటిదే సార్ ఇది, అంకెలు మార్చారు," అనేది ఇంకొకతె. కొందరు కాగితం వదిలేసి సారు మొహం చదివేవారు. ఆయన కనుబొమ్మ ఎటు లేస్తే జవాబు అటు తిప్పేవారు.

ఈ పిల్ల మాత్రం లైను కింద వేలు పెట్టేది. ఆ లైను అయ్యాక కిందిది. ప్రోగ్రాంలో ఒక చోటికి వచ్చాక మళ్లీ పైకి వెళ్లి, అక్కడి నుంచి దిగమని ఉంటుందట. ఆమె వేలు నిజంగానే పైకి ఎక్కేది, మళ్లీ దిగేది. ఐదుసార్లు తిరగమంటే ఐదుసార్లూ తిరిగేది. పక్కవాళ్లకి ఓపిక పోయేది.

"ఓలే నత్తా, దిగినావేటే? మేం భోజనం సేసి వొస్తాం, అంతలో దిగు."

ఆమె తల ఎత్తేది కాదు.

సారు వచ్చి "అర్థమైందా?" అని అడిగితే గది అంతా "అర్థమైంది సార్" అనేది. ఆమె మాత్రం వేలున్న చోటే ఉంచి, "ఇక్కడిదాకా సార్," అనేది. రోజూ అదే మాట. సారు మొదట్లో నవ్వేవాడు. తరవాత తరవాత నవ్వడం మానేశాడు. పరీక్షలో సగం కాగితం దాటకుండానే గంట కొట్టేసేవారు. మార్కులు అంతంతమాత్రం.

మధ్యాహ్నాలు ఆమె వంటింట్లోకి వచ్చేది. అక్కడైతే ఎవరూ తొందరపెట్టరు. ఒకరోజు అడ్డాకు దొప్పలు ఐదు వరసగా పెట్టి, వాటిలో రాజ్‌మా గింజలు పోసుకుని కూర్చుంది. ఒక దాంట్లో నాలుగు, ఒక దాంట్లో తొమ్మిది, తరవాత రెండు, ఏడు, ఐదు. పక్కన విడిగా ఇంకొక దొప్ప.

"ఏటే, ఆటా?" అన్నాను.

"ఆట కాదు పెద్దమ్మా. ప్రోగ్రాం నడుపుతన్నాను."

"కరెంటు లేకుండానా?"

"కరెంటెందుకు? నాను లేనేటి?"

నాకు చూపించింది. ఐదు దొప్పలూ ఐదు అల్లం బుట్టల బరువులట. వాటిలో పెద్దది ఏదో చెప్పాలి ప్రోగ్రాం. విడిగా ఉన్న దొప్పకి ఇంగ్లీషులో 'పెద్దది' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మొదటి బుట్టలో నాలుగున్నాయి కనక విడి దొప్పలోనూ నాలుగు గింజలు పోసింది. కాగితం మీద వేలు జరిపింది, తొమ్మిది దగ్గరికి వచ్చింది, ఏమీ మార్చలేదు. రెండు దగ్గరికి వచ్చింది. విడి దొప్పలో నాలుగు తీసేసి రెండు పోసింది. ఏడు, ఐదు. ఏమీ మార్చలేదు.

"సూడు. పేరు పెద్దది. లోపలున్నది రెండు. అన్నిటికన్నా సిన్నది."

"మరి మిగతా ఆడగుంటలు ఏటన్నారు?"

"పెద్దది సెప్తాదన్నారు. పేరు సూసి సెప్పీసినారు."

నా వంటింట్లో పాత డబ్బా ఒకటి ఉంది, దాంట్లో ఎండుమిరపకాయలు పోస్తాను. ఆమె అటు చూసింది.

"పెద్దమ్మా, ఆ డబ్బా మీద ఏటి రాసుంది?"

"నాకేటి తెలుసు. మిరపకాయల డబ్బా అది."

"టీ పొడి అని రాసుంది."

"ఉంటే ఉంది. ఎప్పుడూ మిరపకాయలే."

"నువ్వు సెలవెడితే, కొత్త వంటమనిషి సదివి టీలో ఏటేత్తాది?"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు అయ్యాక ఆమె నా వైపు కొత్తగా చూసింది. "నీకు సదవడం రాదా?" అంది. యాభై దాటాను, ఎవరూ అంత మామూలుగా అడగలేదు. రాదన్నాను.

ఆ రోజు నుంచి నాకు అక్షరాలు మొదలయ్యాయి. పలకా బలపం లేవు. కందిపప్పు ప్యాకెట్టు, ఉప్పు ప్యాకెట్టు, నూనె డబ్బా. ప్యాకెట్టు చేతికివ్వగానే నేను "కందిపప్పు" అనేదాన్ని. ఆమె అరచేత్తో బొమ్మ మూసేది.

"ఇప్పుడు సదువు."

బొమ్మ లేకపోతే నాకు ఏదీ వచ్చేది కాదు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేదాన్ని. 'క' కనపడితే కందిపప్పు, 'ప' కనపడితే పంచదార. పాఠం గదిలో పిల్లలు చేసేది కూడా ఇదే కదా అని ఒకరోజు అన్నాను. ఆమె గింజలు పక్కనపెట్టి నా వైపు తిరిగి, "అవును. సరిగ్గా ఇదే," అంది. నా జన్మలో నేను చెప్పిన మాటని ఎవరైనా అంత శ్రద్ధగా విన్నది అప్పుడే. ఆ మాట అనిపించుకోవడం కోసం ఆ వారమంతా ఇంకా ఏదో కనిపెట్టాలని చూశాను.

సబ్బుపెట్టె అట్ట కోసింది నా కోసమే. కిందిలైను పైలైనులో కలిసిపోతోందని గొడవ పెడితే, బ్లేడుతో కిటికీ కోసి ఇచ్చింది. అది లైను మీద పెడితే ఆ ఒక్క లైనే కనపడుతుంది. తరవాత తనూ వాడుకునేది. ఇద్దరికీ ఒకటే అట్ట. నేను చదివేటప్పుడు ఆమె వేలు, ఆమె చదివేటప్పుడు నా అట్ట.

"వేలు తియ్యకు పెద్దమ్మా. ఎవులు నవ్వినా తియ్యకు. తీసీసినావంటే అక్కణ్ణించీ నీ బుర్ర కథలల్లీస్తాది."

నా పేరు లచ్చమ్మ. చ కింద వొత్తు నాకు కుదిరేది కాదు, పక్కకి జారిపోయేది. ఒక పూటంతా నేల మీద పిండితో అదొక్కటే రాయించింది. నా పేరు వచ్చాక తన పేరు రాయించింది. మొత్తానికి కూడబలుక్కోకుండా చూడగానే నేను పోల్చుకోగలిగేవి రెండే పేర్లు, నాదీ ఆమెదీ.

కోర్సు చివర ఒక పరీక్ష పెట్టారు. అందులో ముందు వచ్చిన పిల్లని విశాఖపట్నంలో ఒక కంపెనీ తీసుకుంటుంది. ఒక్క చోటే. పరీక్షలో సారు తనే రాసిన ప్రోగ్రాం ఇచ్చాడు. వారం రోజుల్లో వాన కురిసిన రోజులు ఎన్నో లెక్క చెప్పాలది. అందులో ఒక తప్పు పెట్టాడు, అది కనిపెట్టాలి. ఆ తప్పు కనిపెట్టింది గది మొత్తంలో ఈ పిల్ల ఒక్కతే. గంట కొట్టేలోగా కాగితం మొత్తం రాసి ఇచ్చింది కూడా.

ఎప్పుడూ సగం దాటని పిల్ల. రోజూ వంటింట్లో అట్ట పెట్టుకుని పాత ప్రోగ్రాంలు నడిపి వేగం పట్టిందని నాకు తెలుసు, వాళ్లకి తెలియదు. మిగతావాళ్లు గుసగుసలు పెట్టారు. సారుకీ అనుమానం వచ్చింది. పరీక్ష ముందు రోజు ఆయన వంటింట్లో భోంచేసి, బ్యాగు బల్ల మీద వదిలి చేతులు కడుక్కుని, ఎవరితోనో ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లాడు. జవాబు కాగితం అందులోనే ఉంది. ఆ వేళప్పుడు వంటింట్లో ఉన్నది నేనూ ఆ పిల్లా.

నన్ను పిలిచి అడిగాడు. "ఆ పిల్ల అక్కడ కూర్చుందా?"

"కూసుంది బాబూ. రోజూ కూసుంటాది."

"ఏం చేస్తోంది?"

"కాగితాలు తిరగేసుకుంటంది."

"బ్యాగు ఎక్కడుంది అప్పుడు?"

"అక్కడే, బల్ల మీద."

అన్నీ నిజాలే. ఆమె తిరగేసుకున్నవి తన కాగితాలు, పాత ప్రోగ్రాంలు. ఎవరి కాగితాలని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడగని దానికి జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు.

రెండు రోజులకి ఆఫీసు గదిలోకి రమ్మన్నారు. సారుతో పాటు పైనుంచి వచ్చిన ఇద్దరు కూర్చుని ఉన్నారు. అచ్చు తీసిన కాగితం ఒకటి నా ముందు పెట్టారు. సారు వేలిముద్ర సిరా డబ్బా మూత తీసి నా వైపు జరిపాడు. నేను డబ్బాని వెనక్కి తోశాను.

"సంతకం పెడతాను బాబూ."

"ఓహో, నేర్చుకున్నావా? అయితే చదివి పెట్టు," అన్నాడు. ఆ ఇద్దరూ నన్ను చూసి మెచ్చుకోలుగా తల ఊపారు.

కాగితం పైన పెద్ద అక్షరాలతో 'విచారణ' అని ఉంది. కింద మొదటి లైనులో 'లచ్చమ్మ అను నేను' అని ఉంది. నా పేరు అచ్చులో చూడడం అదే మొదలు. చ కింద వొత్తు ఎంత తిన్నగా ఉందో. ఆ కింద పదిపన్నెండు లైన్లు, సన్న అక్షరాలు. వేలు మొదటి లైను మీదికి వెళ్లింది. నేను చదివే వేగానికి పావుగంట పడుతుంది. సారు గోడ గడియారం చూశాడు. ఆ ఇద్దరిలో ఒకరు నా వేలు వైపు చూశారు, పసిపిల్లని చూసినట్టు.

వేలు తీసి కొంగులో పెట్టుకున్నాను. తలని పైనుంచి కిందికి, చదువుకున్నవాళ్లు కదిపినట్టు కదిపాను.

"సదివేసినాను బాబూ."

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, నేను చదవలేదు, నాకు తెలియదు అని. అది పూర్తిగా నిజం కాదు. తల అలా కదుపుతున్నప్పుడు నడిమధ్య ఆమె పేరు కనపడింది. నాకు చూడగానే వచ్చేవి రెండే పేర్లని చెప్పాను కదా. దాని కింది లైను చివర 'చూశాను' అని ఉంది. అదీ చదవగలిగాను. ఆమె పేరు, చూశాను. ఆ రెండింటి మధ్య ఏముందో చదవాలంటే వేలు బయటికి తీయాలి. తీయలేదు. కలం తీసుకుని, నాలుక కొరుక్కుంటూ, ల దగ్గర నుంచి మ వొత్తు దాకా పూర్తిగా రాశాను. వొత్తులు కుదిరాయి. బాగా కుదిరాయని సంతోషించాను కూడా.

మర్నాడు ఆ పిల్లని పిలిచారు. నేను టీ పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను. సారు కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె వేలు పెట్టింది. గదిలో ముగ్గురు పెద్దవాళ్లు చూస్తున్నా వేలు పెట్టి, లైను తరవాత లైను దిగింది. మధ్యలో ఒక చోట వేలు ఆగింది, మళ్లీ ఒక లైను పైకి వెళ్లింది, మళ్లీ దిగింది. ఆఖరికి నా సంతకం మీదికి వచ్చింది. తలెత్తి గుమ్మం వైపు చూసింది.

"చ వొత్తు కుదిరింది, పెద్దమ్మా."

ఎత్తిపొడుపు అయి ఉంటే బాగుండును. ఆమెకి ఎత్తిపొడవడం రాదు.

"నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అన్నాడు సారు.

"నా ఆన్సరు కాగితం కిందిదాకా సదివారా సార్?"

"అక్కర్లేదమ్మా. జవాబు సరిపోయింది. అదే కదా సమస్య."

సర్టిఫికెట్టు ఇవ్వకుండా ఆమెని ఇంటికి పంపేశారు. సాయంత్రం జీపుకి వెళ్లే ముందు వంటింట్లోకి వచ్చి, గుడ్డలో మూట కట్టుకున్న రాజ్‌మా గింజలు నా చేటలో పోసింది.

"నాకింక ఎందుకు. కూరలో ఏసేయ్."

ఆ క్షణంలో అడిగి ఉండవచ్చు, ఆ కాగితంలో ఏముందే అని. అడిగితే ఆమె చదివి వినిపించేది. అప్పుడు నేను తిన్నగా ఆఫీసు గదికి వెళ్లాల్సి వచ్చేది. ఆ నెలలోనే నా పని ఇంకొక ఏడాదికి పొడిగించే కాగితం రావాలి. "బస్సులో తింటావేటి, రెండు అరటిపళ్లు పెడతాను," అన్నాను. "జీపు పెద్దమ్మా, బస్సు కాదు," అంది, వెళ్లిపోయింది.

ఆ గింజలు వండాను. తిన్నాను కూడా.

విశాఖపట్నం వేరే పిల్ల వెళ్లింది. పోయిన ఏడు ముంచింగిపుట్టు సంతకి పిప్పళ్ల కోసం వెళితే, అడ్డాకుల వరసలో ఈ పిల్ల కనపడింది. విస్తరి కుడుతోంది. ఒక్కొక్క ఆకూ వెలుతురుకి ఎత్తి, చిల్లుందేమో చూసి, అప్పుడు పుల్ల గుచ్చుతోంది. పక్కనున్నవాళ్లు మూడు కుట్టేలోగా ఈమెది ఒకటి. నేను తల తిప్పేసుకుని గాజుల దుకాణంలోకి దూరాను. ఏదో ఒకటి కొనాలని నా చేతికి ఎక్కని గాజులు కొన్నాను. ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు. ఆమె చూసిందంటే పూర్తిగానే చూసి ఉంటుంది.

ఇప్పుడు సారు లేడు, వేరే చోటికి వెళ్లాడు. ఈ ఏడు కొత్తగా ఒక మేడం వచ్చింది. అట్ట దొరికిన రోజు దాన్ని కొంగున ముడి వేసుకుని ఒక పూటంతా తిరిగాను. మర్నాడు ఆమె టేబులు మీద పెట్టాను.

"ఏమిటిది?" అంది.

చెప్పాను. గింజలు, డబ్బా, బ్యాగు, సిరా డబ్బా, అన్నీ. కొంగులో పెట్టుకున్న వేలు సంగతి కూడా. మేడం ఇనప బీరువా తీసి చాలాసేపు వెతికి ఒక ఫైలు బయటికి లాగింది. పైన నా కాగితం. దాని వెనక ఆ పిల్ల పరీక్ష కాగితం, సారు జవాబు కాగితం కలిపి గుచ్చి ఉన్నాయి.

"నేను చదివి వినిపించనా?"

"వొద్దమ్మా. నాను సదువుతాను. టైము పడతాది."

అట్ట లైను మీద పెట్టాను, కిటికీ కింద వేలు. మేడం పరీక్ష కాగితం తీసుకుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చదువుకున్నాం. నేను మూడో లైనులో ఉండగా ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది.

"లచ్చమ్మా, ఈ పిల్ల కింద ఇంకొక ముక్క రాసింది. రెండో తప్పు కూడా ఉంది, ఆరు రోజులు చూసి ఆగిపోతోంది, ఏడో రోజు చూడడం లేదు అని."

సారు జవాబు కాగితం పక్కన పెట్టుకుంది. ప్రోగ్రాం మీద తనూ వేలు పెట్టింది. రెండో చేతి వేళ్లు ఒక్కొక్కటీ ముడుస్తూ లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"నిజమే. ఆగిపోతోంది. ఇది జవాబు కాగితంలో లేదు. ఆయనకే తెలియకుండా పడిన తప్పు." నా కాగితం వైపు చూసింది. "బ్యాగులోంచి చూసి రాసిన పిల్ల, బ్యాగులో లేనిది ఎలా రాస్తుంది? కిందిదాకా చదివి ఉంటే అప్పుడే తెలిసేది."

నేను అట్ట కిందికి జరిపాను. ఐదో లైను. 'సదరు విద్యార్థిని' అని, ఆమె పేరు. ఆరో లైనులోకి వెళుతోంది.

"నువ్వు చూడలేదని రాసి ఇస్తావా?" అంది మేడం. "ఆ పిల్ల పేరు మీదున్న మచ్చ కొట్టెయ్యమని పైకి పంపుతాను. విశాఖపట్నం చోటు తిరిగి రాదు. సర్టిఫికెట్టు మాత్రం ఇప్పించవచ్చేమో. అయితే అబద్ధపు సంతకం పెట్టావని నీ మీదికి వస్తుంది. పని పోవచ్చు. ఆలోచించుకో."

"రాత్తానమ్మా. ముందు ఇది సదవాల."

'సారు గారి సంచి తెరిచి' అని ఉంది. అట్టని ఎడమ చేత్తో నొక్కి పట్టుకున్నాను. 'అందులోని కాగితములు' అని ఉంది. వంటింట్లో కుక్కరు మూడో కూత వేసింది. బయట పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడడం మొదలుపెట్టారు. మేడం గడియారం చూసింది. కావాలని కాదు, అలవాటుగా.

"చదివేశావా?" అంది.

వేలు తీయలేదు.

"ఇక్కడిదాకా," అన్నాను.